మూడు మెట్లు, ఆరు చుక్కలు

మీ పాఠశాల గుమ్మం ముందు ఎన్ని మెట్లున్నాయి? ఈ ప్రశ్న వేస్తే చాలామంది విద్యార్థులు తల గోక్కుంటారు. రోజూ ఎక్కి దిగే మెట్లే అయినా వాటిని లెక్కపెట్టవలసిన అవసరం మనకు ఎన్నడూ రాలేదు. అదే, చక్రాల కుర్చీలో బడికి వచ్చే పిల్లవాడిని అడిగి చూడండి. “మూడు” అని ఠక్కున చెబుతాడు. అతనికీ తరగతి గదికీ మధ్య అడ్డంగా ఉన్నవి ఆ మూడు మెట్లే కదా!

ఇప్పుడు కొంచెం ఆలోచించండి. అతడు తనంతట తాను తరగతిలోకి రాలేకపోవడానికి కారణం ఏమిటి? కాళ్లలో బలం లేకపోవడమా? గుమ్మం ముందు మెట్లుండడమా? రెండూ కారణాలే. మొదటిదాన్ని వైద్యుడు కూడా అన్నివేళలా సరిచేయలేడు. రెండవదాన్ని తాపీమేస్త్రీ కొద్ది రోజుల్లో సరిచేయగలడు. మనిషిని మార్చలేనిచోట అతని పరిసరాలను, పనిముట్లను మార్చవచ్చు. వికలాంగులకు తోడ్పడే విజ్ఞానమంతా చాలావరకు ఈ ఒక్క ఆలోచన మీదనే నిలిచి ఉంది.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగుల సంఖ్య సుమారు 2 కోట్ల 68 లక్షలు. 1995లో వచ్చిన చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. బడులు, కార్యాలయాలు, బస్సులు, రైళ్లు అందరికీ అందుబాటులో ఉండాలని ఆ చట్టం చెబుతోంది. కనుక గుమ్మం ముందు వాలుబాట కట్టడం ఎవరో దయతలచి చేసే ఉపకారం కాదు. అది ఆ పిల్లవాని హక్కు.

ఈ సంగతులు ప్రజలకు తెలియజెప్పడానికి అక్కడక్కడ ప్రదర్శనలు జరుగుతుంటాయి. 2023 జనవరి 6 నుండి 8 వరకు గోవా రాజధాని పణజీలో ‘పర్పుల్ ఫెస్ట్’ అనే పెద్ద ఉత్సవం జరిగింది. 2024 జనవరిలో దానిని అంతర్జాతీయ స్థాయిలో జరిపారు. ఆటపాటలు, చర్చలు, పరికరాల ప్రదర్శనలతో పాటు అక్కడ ఒక విచిత్రమైన కార్ల ర్యాలీ కూడా ఏర్పాటు చేశారు. ఇలాంటి ర్యాలీలో చూపున్న వ్యక్తి కారు నడుపుతాడు. పక్కన కూర్చున్న అంధుడు బ్రెయిలీ లిపిలో ఉన్న దారి వివరాలను వేలితో తడిమి చదువుతూ ఎక్కడ ఎటు తిరగాలో చెబుతాడు. చూపున్నవానికి చూపులేనివాడు దారి చూపిస్తాడన్నమాట!

ఇలాంటి ప్రదర్శన మీకు దగ్గరలో జరిగితే తప్పక వెళ్లండి. అక్కడి పరికరాలు మీకు కొత్తగా తోచవచ్చు. వాటి వెనుకనున్న సూత్రాలు మాత్రం మీ పాఠ్యపుస్తకంలోనివే. అదెలాగో చూద్దాం.

వాలు తలం చేసే మేలు

మూడు మెట్ల దగ్గరికే మళ్లీ వద్దాం. ఒక్కో మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లనుకుంటే గుమ్మం ఎత్తు 45 సెంటీమీటర్లు. కుర్చీ, అందులోని పిల్లవాడు కలిసి 80 కిలోల బరువున్నారనుకోండి. నిలువునా ఎత్తాలంటే 80 కిలోల బరువూ మోయాలి. దానికి ముగ్గురు నలుగురు కావాలి. పైగా ఎవరి పట్టు జారినా ప్రమాదం.

మీటరున్నర పొడవున్న చెక్కను మెట్లమీద ఏటవాలుగా వేసి కుర్చీని పైకి తోస్తే? వాలు తలం మీద కావలసిన బలం తగ్గుతుందని మీరు చదువుకున్నారు. ఎత్తును పొడవుతో భాగిస్తే 45/150, అంటే 0.3 వస్తుంది. 80 కిలోలలో అది 24 కిలోలు. ఇదీ తక్కువేమీ కాదు. దిగేటప్పుడు కుర్చీ జర్రున జారిపోతుంది కూడా.

అందుకే వాలుబాట వాలు 12కు 1 కంటె ఎక్కువ ఉండరాదన్న నియమాన్ని చాలా దేశాలు పాటిస్తున్నాయి. ఒక సెంటీమీటరు ఎత్తుకు 12 సెంటీమీటర్ల పొడవన్నమాట. మన 45 సెంటీమీటర్ల గుమ్మానికి 540 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఐదున్నర మీటర్ల బాట కావాలి. అప్పుడు కావలసిన బలం 80లో 12వ వంతు, సుమారు 6.7 కిలోలు. ఘర్షణకు మరికొంత కలుపుకున్నా, చేతుల్లో బలమున్న పిల్లవాడు తన చక్రాలను తానే తిప్పుకుంటూ పైకి రాగలడు.

ఇందులో ఒక చమత్కారం ఉంది. బలాన్ని దూరంతో గుణించి చూడండి. 80×0.45, 24×1.5, 6.7×5.4 – మూడూ దాదాపు 36 వస్తాయి. చేసిన పని మూడింటిలోనూ ఒకటే. వాలుబాట పనిని తగ్గించలేదు, పొడవునా పంచిపెట్టింది. నలుగురు పెద్దలు చేయవలసిన పని ఒక్క పిల్లవాని చేతికి అందివచ్చింది. చాలాచోట్ల స్థలం కలిసివస్తుందని బాటను పొట్టిగా, నిటారుగా కట్టేస్తుంటారు. అటువంటిదానివల్ల ఉపయోగం కంటె అపాయమే ఎక్కువ.

వేలికొనకు సరిపోయే అక్షరం

లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్సులో జన్మించాడు. మూడేళ్ల వయస్సులో తండ్రి పనిచేసుకునే చోట తోలుకు చిల్లులు పొడిచే ఆర కంటికి తగిలి, క్రమంగా రెండు కళ్లూ పోయాయి. ఆ రోజుల్లో చార్లెస్ బార్బియే అనే సైనికాధికారి చీకటిలో కూడా చదవడానికి వీలుగా ఉబ్బెత్తు చుక్కల రాతపద్ధతి ఒకటి కనిపెట్టాడు. అందులో ఒక్కో గుర్తుకు 12 చుక్కల వరకు ఉండేవి. అంత పెద్ద గుర్తు ఒక్క వేలికొనకు ఆనదు. వేలిని పైకీ కిందికీ జరపాలి. పదిహేనేళ్ల బ్రెయిలీ 1824 నాటికి ఆ పన్నెండు చుక్కలను ఆరుకు తగ్గించాడు. నిలువుగా మూడేసి చుక్కలు, రెండు వరసలు. వేలు ఆనించగానే అక్షరం మొత్తం ఒక్కసారిగా తెలుస్తుంది.

ఆరు చుక్కలతో ఎన్ని గుర్తులు చేయవచ్చు? ప్రతి చుక్కకూ రెండే స్థితులు: ఉబ్బి ఉండడం, లేకపోవడం. 2ను ఆరుసార్లు గుణిస్తే 64. ఏ చుక్కా లేని ఖాళీ గడిని తీసివేస్తే 63 గుర్తులు.

భారతీయ భాషలకు 1951లో ‘భారతి బ్రెయిలీ’ ఏర్పడింది. తెలుగు ‘క’కూ, హిందీ ‘క’కూ ఇందులో ఒకటే గుర్తు. గుణింతాలు తలమీదికి ఎక్కవు, ఒత్తులు కిందికి దిగవు. అన్నీ ఒకే వరసలో పక్కపక్కనే నడుస్తాయి.

బ్రెయిలీ చుక్కల మధ్య దూరం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. అంత దగ్గరి చుక్కలను చర్మం విడివిడిగా గుర్తించగలదా? ఈ చిన్న ప్రయోగం చేసి చూడండి. ఒక హెయిర్‌పిన్ను కొనలను 3 మిల్లీమీటర్ల దూరంలో ఉంచండి. మిత్రుణ్ణి కళ్లు మూసుకోమని, వాటిని అతని వేలికొనకు మెల్లగా ఆనించండి. “రెండు” అంటాడు. తరువాత మోచేతికీ మణికట్టుకూ మధ్య ఆనించండి. “ఒకటే” అంటాడు. అక్కడ రెండుగా తెలియాలంటే కొనలను మూడు నాలుగు సెంటీమీటర్ల దూరం జరపవలసిరావచ్చు. స్పర్శను గ్రహించే నాడులు వేలికొనలో అంత దట్టంగా ఉన్నాయన్నమాట.

గబ్బిలం నేర్పిన పాఠం

అంధుల చేతిలోని తెల్లకర్ర నేలమీది గుంటలను, రాళ్లను పసిగడుతుంది. కాని ముఖానికి తగిలే చెట్టుకొమ్మ సంగతి? కిటికీ తెరిచి ఉన్న రెక్క సంగతి? వీటి కోసం ఢిల్లీ ఐ.ఐ.టి.లో ‘స్మార్ట్‌కేన్’ అనే పరికరాన్ని తయారుచేశారు. 2014లో అది అందుబాటులోకి వచ్చింది. తెల్లకర్ర పిడికి దీనిని తగిలించుకుంటారు. గబ్బిలంలాగే ఇది మన చెవికి వినిపించని అతిధ్వనులను పంపుతుంది. ఎదుట అడ్డం ఉంటే అవి పరావర్తనం చెంది తిరిగివస్తాయి. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మూడు మీటర్ల దూరంలోని కొమ్మను తాకి రావాలంటే ఆరు మీటర్ల ప్రయాణం. దానికి సెకనులో 57వ వంతు కాలం పడుతుంది. ఒక్క మీటరు దూరమైతే సెకనులో 170వ వంతే. ఈ కాలాన్ని బట్టి పరికరం దూరాన్ని లెక్కకట్టి, పిడిలో కంపనాలు పుట్టిస్తుంది. అడ్డం దగ్గరయ్యేకొద్దీ కంపనాల తీరు మారుతుంది.

రైల్వే ప్లాట్‌ఫారాల మీదా, హైదరాబాదు మెట్రో స్టేషన్లలోనూ పసుపుపచ్చని గరుకు పలకలు చూసే ఉంటారు. అవి అలంకారం కోసం కాదు. జపానుకు చెందిన సేయిచి మియాకె 1965లో వాటిని రూపొందించగా, 1967లో ఒకాయామా నగరంలో మొదటిసారి పరిచారు. పొడవాటి గీతలుంటే ‘సాగిపో’ అని, గుండ్రని బొడిపెలుంటే ‘ఆగు, జాగ్రత్త’ అని అర్థం. కర్రతోనూ, పాదంతోనూ చదివే లిపి అది. ఆ పలకల మీద సైకిలు నిలిపినవాడు తెలియకుండానే ఒకరి దారిని చెరిపేస్తున్నాడు.

ఫ్యాను చప్పుడు లేకుండా పాఠం

వినికిడి యంత్రంలో మైకు, యాంప్లిఫయరు, చిన్న స్పీకరు ఉంటాయి. చిక్కు ఏమిటంటే అది గురువుగారి మాటతోపాటు ఫ్యాను చప్పుడును, వెనుకబెంచీ గుసగుసలను కూడా పెద్దవి చేస్తుంది. పెద్ద హాలులో మాట అర్థం కావడమే కష్టం. దీనికి ఒక ఉపాయం ఉంది.

వక్త మైకునుండి వచ్చే విద్యుత్తును పెద్దదిచేసి, హాలు చుట్టూ పరిచిన తీగగుండా పంపుతారు. విద్యుత్తు పోయే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది కదా. మాటను అనుసరించి విద్యుత్తు మారుతుంటే ఆ క్షేత్రమూ మారుతుంటుంది. కొన్ని వినికిడి యంత్రాలలో సన్నని తీగచుట్ట ఒకటి ఉంటుంది. మారే అయస్కాంత క్షేత్రం ఆ చుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. ఫ్యాను చప్పుడు గాలిలోనే మిగిలిపోతుంది. మాట ఒక్కటే చెవికి చేరుతుంది.

వినికిడి యంత్రం అందరికీ పనికిరాదు. చాలామంది బధిరులకు సంజ్ఞాభాషే అసలు భాష. దానికీ పదజాలం, వ్యాకరణం ఉన్నాయి. 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి పదివేల పదాల నిఘంటువును సిద్ధంచేసింది.

బురదలో నడిచే పాదం

పూర్వం పాశ్చాత్య దేశాలనుండి వచ్చిన కృత్రిమ పాదాలను బూటులో పెట్టుకుని నడవాలి. మన రైతు బూటు వేసుకుని వరిచేలో దిగుతాడా? నేలమీద బాసీపట్టు వేసుకుని కూర్చోగలడా? 1968 ప్రాంతంలో జైపూరులో రామచంద్రశర్మ అనే శిల్పి, డాక్టరు పి.కె. సేఠి, తోటి వైద్యులు కలిసి ఈ చిక్కును విడదీశారు. శర్మ పెద్దగా చదువుకున్నవాడు కాదు. కాని చేతిపనిలో దిట్ట. మడమకు, పాదం ముందుభాగానికి స్పాంజి రబ్బరు, చీలమండ దగ్గర చెక్క, వీటిమీద పాదం ఆకారంలో గట్టి రబ్బరు తొడుగు – ఇదే జైపూరు పాదం. గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరు గట్టిపడి, సాగే గుణం నిలుపుకుంటుంది. ఈ వల్కనీకరణమే సైకిలు టైరుకూ, ఈ పాదానికీ మూలం. దీనితో చెప్పులు లేకుండా నడవవచ్చు, గొంతుకూర్చోవచ్చు. 1981లో ప్రమాదంలో కుడికాలు పోగొట్టుకున్న నర్తకి సుధా చంద్రన్ ఈ పాదంతోనే మళ్లీ రంగస్థలమెక్కింది. ఆమె కథతో తెలుగులో వచ్చిన ‘మయూరి’ చిత్రంలో ఆమే నాయిక.

సైన్సు చదవడానికి కళ్లు తప్పనిసరా?

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పుట్టుకతో అంధుడు. పదవ తరగతి మంచి మార్కులతో పూర్తిచేసి ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవాలనుకున్నాడు. అంధులకు సైన్సు గ్రూపు ఇవ్వరాదని అప్పటి నిబంధనలు అడ్డువచ్చాయి. అతడు న్యాయస్థానందాకా వెళ్లి అనుమతి సాధించాడు. పాఠాలను రికార్డు చేయించుకుని వింటూ చదివి 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. తరువాత అమెరికాలోని ప్రసిద్ధ విద్యాసంస్థ ఎం.ఐ.టి.లో చదివి, తిరిగివచ్చి హైదరాబాదులో పరిశ్రమ స్థాపించాడు. ఇక్కడ అడ్డు నిలిచింది చూపులేమి కాదు, కాగితం మీది ఒక నిబంధన. అదీ ఒక మెట్టులాంటిదే.

మీరు చేయవలసిన పని

ఈసారి పాఠశాల సైన్సు ప్రదర్శనకు అగ్నిపర్వతం నమూనాకు బదులు దీనిని తీసుకోండి. నలుగురు కలిసి ఒక టేపు తీసుకుని బడి అంతా కొలవండి. గుమ్మం ఎత్తెంత? వాలుబాట ఉంటే దాని ఎత్తును పొడవుతో భాగించండి. 12వ వంతు లోపల ఉందా? తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లుందా? మరుగుదొడ్డికి, కుళాయికి, గ్రంథాలయానికి చక్రాల కుర్చీ చేరగలదా? సైన్సు పుస్తకంలోని ఒక బొమ్మను అట్టమీద దారం అంటించి ఉబ్బెత్తుగా తయారుచేయండి.

ఒక్క నియమం మరువవద్దు. ఏది మార్చాలో మీకు మీరే నిర్ణయించకండి. మీ బడిలోనో, వీధిలోనో ఉన్న వికలాంగ మిత్రుణ్ణి మీ జట్టులో చేర్చుకుని ముందుగా అతణ్ణే అడగండి. మీరు తయారుచేసిన బొమ్మ బాగుందో లేదో చెప్పవలసినది చూపున్న న్యాయనిర్ణేత కాదు, దానిని వేలితో చదివేవాడు.

కొలతలన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి, కావలసిన వాలుబాట పొడవు లెక్కకట్టి, మీ ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి. పని ఎప్పుడు మొదలవుతుందో కూడా వినయంగా అడిగి రండి.