రోగవ్యాప్తి శాస్త్రంలో అధ్యయన రీతులు

ఒక వ్యాధి ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తున్నదో జనసమూహాలను పరిశీలించి తెలుసుకొనే శాస్త్రాన్ని రోగవ్యాప్తి శాస్త్రం లేదా ఎపిడెమియాలజీ అంటారు. ఇందులో సమాచార సేకరణకు ముందుగా వేసుకొనే పథకమే అధ్యయన రీతి. రీతి సరిపడనిదైతే ఎన్ని వేలమందిని పరీక్షించినా జవాబు తప్పుదారి పట్టించవచ్చును.

పరిశీలనాత్మక అధ్యయనాలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో (2016 వరకు ఇవి నిజామాబాదు జిల్లాలోనివి) చాలామంది స్త్రీలకు బీడీలు చుట్టడం జీవనాధారం. పొగాకు ధూళి వలన వారికి శ్వాసకోశ వ్యాధులు వస్తున్నాయా అన్నది ప్రశ్న అనుకుందాం. ఇంటింటికీ తిరిగి, బీడీలు చుట్టేవారిని, చుట్టనివారిని ఒకే కాలంలో పరీక్షిస్తే అది క్రాస్ సెక్షనల్ అధ్యయనం. ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా తెలుస్తుంది. అయితే ఆయాసం ముదిరినవారు అప్పటికే పని మానివేసి ఉంటే, వారు చుట్టనివారి లెక్కలో చేరిపోతారు. అప్పుడు ఈ పనిలో హాని ఏమీ లేదన్నట్లు అంకెలు కనిపిస్తాయి. కార్మికుల ఆరోగ్యానికి సంబంధించిన సర్వేలను చదివేటప్పుడు మొదట చూడవలసినది ఇదే.

రోగులను, అదే ప్రాంతపు ఆరోగ్యవంతులను తీసుకొని, గతంలో ఎవరు ఎన్నేళ్ళు బీడీలు చుట్టారో పోల్చి చూసేది కేస్ కంట్రోల్ అధ్యయనం. అరుదైన వ్యాధులకు ఇది అనువైనది. జ్ఞాపకంపై ఆధారపడటం దీని లోపం.

వ్యాధి లేనివారిని ఎంచుకొని ఏళ్ళ తరబడి గమనించేది కోహార్ట్ అధ్యయనం. కారణం ముందో, వ్యాధి ముందో ఇందులో స్పష్టమవుతుంది. శ్రీకాకుళం జిల్లాలో చుట్టను నిప్పు వైపు నోటిలో ఉంచుకొని కాల్చే అలవాటు (అడ్డపొగ) ఉన్నది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన పరిశోధకులు ఈ జిల్లాతో సహా ఐదు జిల్లాలలో 50,915 మంది గ్రామీణుల నోళ్ళను పరీక్షించి 1969లో ఫలితాలు ప్రచురించారు. అడ్డపొగకు, అంగిలి క్యాన్సరుకు గల సంబంధం ఆ సర్వేలో కనిపించింది. తరువాత కొన్ని జిల్లాల వారిని పదేళ్ళపాటు గమనించి, కొత్తగా క్యాన్సరు వచ్చినవారిని లెక్కించారు. సర్వే కోహార్ట్‌గా మారడం అంటే ఇదే.

ప్రయోగాత్మక అధ్యయనాలు

ఇందులో పరిశోధకుడే ఒక వర్గానికి మందు, ఆహారం వంటివి ఇచ్చి, ఇవ్వని వర్గంతో పోలుస్తాడు. ఎవరు ఏ వర్గమో చీటీలు తీసినట్లు నిర్ణయిస్తే అది యాదృచ్ఛిక ప్రయోగం. సాక్ష్యంగా దీనికి బలం ఎక్కువ. కాని ఎవరినీ బీడీలు చుట్టమని ఇలా నియమించలేము. హాని కలిగించే విషయాలలో పరిశీలనే శరణ్యం.

హైదరాబాదు పరిసరాలలోని 29 గ్రామాలలో 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ జరిపిన అధ్యయనం ఈ రెండింటికీ నడుమన నిలుస్తుంది. 15 గ్రామాలలో గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు ఆహారం (ఉప్మా) అందింది. మిగిలిన గ్రామాలకు ఆ పథకం అప్పటికి చేరలేదు. 2003-05లో 13-18 ఏళ్ళ వయసున్న 1,165 మందిని పరీక్షించగా, ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. గ్రామాల ఎంపిక చీటీలతో జరగలేదు కనుక, ఆ తేడాలో ఆహారం వాటా ఎంత, గ్రామాల మధ్య ముందునుండి ఉన్న తేడాల వాటా ఎంత అన్నది విడిగా పరిశీలించవలసి వచ్చింది.