కొత్త చేపల తొట్టెలో పాచి: శుభ్రంగా కడిగితే చేపలెందుకు చస్తున్నాయి?

సూర్యాపేట: గృహప్రవేశానికి గోడగడియారం, స్టీలు బిందె తెచ్చే బంధువులు ఇప్పుడు గాజు తొట్టె, అందులో నాలుగు బంగారు చేపలు తెచ్చి ఇస్తున్నారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లోనే కాక చుట్టుపక్కల పల్లెల్లోని కొత్త ఇళ్లలో కూడా టీవీ పక్కన అక్వేరియం కనిపిస్తున్నది. పిల్లలకు అదొక సంబరం.

ఆ సంబరం చాలా ఇళ్లలో నెల దాటదు. రెండు వారాలకు అద్దాల మీద గోధుమరంగు పొర కమ్ముతుంది. తర్వాత పచ్చని పాచి పడుతుంది. ఇంట్లోవారు చూస్తూ ఊరుకోరు కదా! చేపలను బకెట్లోకి తీసి, తొట్టెను, గులకరాళ్లను, వడపోత యంత్రంలోని స్పాంజిని కుళాయి కింద పెట్టి తళతళలాడేలా తోముతారు. కొత్త నీళ్లు నింపి చేపలను వదులుతారు. రెండు మూడు రోజులకు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరవడం మొదలుపెడతాయి. ఆపైన ఒకటొకటే వెల్లకిలా తేలుతాయి. దిష్టి తగిలిందని కొందరు, దుకాణంవాడు రోగిష్టి చేపలు అంటగట్టాడని కొందరు అనుకుంటారు. చాలాసార్లు ఆ రెండూ కారణం కాదు. చేపలను చంపింది ఆ కడుగుడే.

స్పాంజిలో ఏమున్నది?

చేప విసర్జించే మలినం, తినకుండా మిగిలిన మేత నీటిలో కుళ్లి అమ్మోనియా అవుతాయి. ఇది చేపకు విషం. చెరువులో అయితే నీరు ఎక్కువ కనుక పలచబడిపోతుంది. యాభై లీటర్ల తొట్టెలో అది పోయే దారి లేదు. అక్కడ పనికివచ్చేవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు. ఒక జాతి అమ్మోనియాను నైట్రైటుగా, మరో జాతి ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా ప్రమాదకరమే. అది చేప రక్తం ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. నైట్రేటు మాత్రం కొద్దిపాటిగా ఉంటే చేపకు హాని లేదు. నేలలో కూడా ఇదే పని జరుగుతుంది. మన రైతు వేసిన యూరియా నైట్రేటుగా మారి పైరుకు అందేది ఇలాంటి జీవుల వల్లనే. రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వీటిని వేరుచేసి చూపాడు.

ఈ జీవులు ఎక్కువగా కాపురముండేది వడపోత స్పాంజిలో, తర్వాత గులకరాళ్ల మీద. కొత్త తొట్టెలో అవి తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే మనం స్పాంజిని కుళాయి కింద పిండుతున్నాం. మిషన్ భగీరథ నీరైనా, పంచాయతీ ట్యాంకు నీరైనా క్లోరిన్ కలిసి వస్తుంది. మనుషుల ప్రాణం కాపాడే ఆ క్లోరిన్ స్పాంజిలోని జీవులను చంపుతుంది, చేప మొప్పలను కాలుస్తుంది. మరునాటి నుంచి అమ్మోనియా పేరుకుంటుంది. తొట్టె మాత్రం అద్దంలా మెరుస్తూ ఉంటుంది!

పెద్ద పట్టణాల మంచినీటి ఇసుక వడపోతల్లోనూ ఇదే సూత్రం. 1829లో జేమ్స్ సింప్సన్ అనే ఇంజనీరు లండన్‌లో అలాంటిది కట్టాడు. ఇసుక పైన పేరుకునే జిగట పొరే నీటిని బాగుచేస్తుందని తర్వాత తెలిసింది. 1892లో జర్మనీలోని హాంబర్గ్‌లో కలరా వేలమందిని పొట్టన పెట్టుకుంటే, పక్కనే ఉండి, అదే నది నీటిని ఇసుకలో వడపోసి తాగిన ఆల్టోనా చాలావరకు బయటపడింది. ఆ జిగటను చూసి ముక్కు మూసుకోనక్కరలేదు.

మరి కడగడం ఎలా?

వడపోతలో నీటి ధార తగ్గినప్పుడే స్పాంజిని ముట్టుకోవాలి. అది రెండు మూడు వారాలకు ఒకసారి కావచ్చు. తొట్టెలోంచే అర బకెట్టు నీరు తీసి, అందులో స్పాంజిని రెండు మూడుసార్లు మెల్లగా పిండితే చాలు. నీరు నల్లగా దిగుతుంది, స్పాంజి మాత్రం మట్టిరంగులోనే ఉంటుంది. ఉండనివ్వండి. సబ్బు, సర్ఫు, బ్లీచింగు పొడి దగ్గరకు రానీయరాదు. స్పాంజి చిరిగితే కొత్తదాన్ని పాతదాని పక్కన నెలరోజులు ఉంచి, తర్వాత పాతది తీసేయాలి. స్పాంజిని పిండిన రోజునే గులకరాళ్లను కూడా కడగవద్దు.

వారానికి ఒకసారి నాలుగో వంతు నీరు మార్చాలి. రబ్బరు గొట్టంతో అడుగున ఉన్న మడ్డిని లాగవచ్చు. నోటితో పీల్చకుండా గొట్టం నిండా ముందే నీరు నింపి దించితే ధార వస్తుంది. ఆ మురికి నీరు మల్లెచెట్టుకు పోస్తే మంచి ఎరువు. కొత్తగా పోసే కుళాయి నీటిని వెడల్పు తొట్టిలో ఒక రోజంతా ఉంచితే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. తొందరైతే దుకాణాల్లో దొరికే హైపో పలుకులు కొద్దిగా వేయవచ్చు. వెనుక ఫోటో స్టూడియోలవారు వాడిన హైపోయే అది.

అన్నిటికన్నా ముందు, తొట్టెలో చేయి పెట్టేముందు మోటారు ప్లగ్గు ఊడదీయాలి. తడి చేతితో స్విచ్చి ముట్టరాదు. తీగ తొట్టె నుంచి కిందికి వంగి మళ్లీ పైకి ప్లగ్గుకు వెళ్లేలా ఉంటే, జారే నీటిచుక్క బోర్డులోకి పోకుండా నేలపై పడుతుంది. చేప పోతే మరొకటి కొనవచ్చు, పిల్లవాడికి షాకు కొడితే ఎవరిననుకోవాలి?

పాచి సంగతి

సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించేవారికి పాచి కొత్త కాదు. ఎండ, నిలిచిన నీరు, భాస్వరం ఎరువు కలిస్తే మడిలో నాచు లేస్తుంది. గాజు తొట్టెలోనూ అంతే. వెలుతురు ఎక్కువై, మేత ఎక్కువై పాచి పడుతుంది. కిటికీ ఎండ పడని గోడకు తొట్టెను జరపండి. దీపం రోజుకు ఆరేడు గంటలు మించి వెలిగించవద్దు. రెండు నిమిషాల్లో తినగలిగినంత మేతే వేయండి. పిల్లలు గంటకొక చిటికెడు వేయడమే సగం పాచికి మూలం. మొదటి వారాల్లో వచ్చే గోధుమరంగు పొర సాధారణంగా తనంతట తానే తగ్గుతుంది. అద్దానికి పట్టిన పచ్చపాచిని పనికిరాని ప్లాస్టిక్ కార్డుతో గీకితే సరి. రాళ్ల మీది పలుచని పచ్చదనం చేపకు చెరుపు చేయదు. నీరంతా పచ్చబడితే మూడు నాలుగు రోజులు దీపం ఆపి నల్లగుడ్డ కప్పాలి. గాలి గొట్టం మాత్రం ఆపరాదు. చేపల చెరువులవారు పచ్చనీటి కోసం పేడ వేస్తుంటే, ఇంట్లో మనం అదే పచ్చదనానికి బెంబేలు పడుతున్నాం.

నాచుకు మడవ దగ్గర మైలుతుత్తం మూట కట్టే అలవాటు రైతుల్లో ఉన్నది. ఆ మందును గాజు తొట్టెలో వేయనే వద్దు. రాగి చేపలకు విషం, నత్తలకు మరీను. పటిక కూడా వద్దు. అది నీటిలోని క్షార గుణాన్ని లాగేస్తుంది.

బోరు నీరు పోసేవారికి ఇంకో మాట. మన వైపు చాలా బోర్ల నీరు గట్టిది. అద్దం మీద నీటి అంచున కనిపించే తెల్లని చార పాచి కాదు, సున్నం. ఆ అంచు కిందికి నీరు తగ్గించినప్పుడు నిమ్మరసం గుడ్డతో తుడిస్తే పోతుంది. గప్పీ, మోలీ వంటి చేపలు గట్టి నీటికి తట్టుకుంటాయి. అయితే క్షారం, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియా విషం తీవ్రమవుతుంది కనుక బోరు నీటి తొట్టెలో చేపలు తక్కువగా ఉండాలి.

వేసవిలో జాగ్రత్త మరింత అవసరం. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు నిలిస్తే 35 డిగ్రీల వద్ద 7 మాత్రమే నిలుస్తుంది. కరెంటు పోతే చేపలూ, స్పాంజిలోని జీవులూ రెండూ ఉక్కిరిబిక్కిరవుతాయి. చెంబుతో నీరు తోడి ఎత్తు నుంచి మళ్లీ తొట్టెలో పోస్తూ ఉండాలి. గంటల తరబడి ఆగిన డబ్బా వడపోతను వెంటనే నడిపించవద్దు. లోపల కుళ్లిన నీరు పారబోసి, స్పాంజిని తొట్టె నీటిలో పిండి, అప్పుడు నడపాలి.

పాచి తింటుందని దుకాణాల్లో సక్కర్ చేపను అమ్ముతారు. కొన్నప్పుడు వేలెడు ఉంటుంది, తర్వాత అడుగు దాటి పెరుగుతుంది, పాచికన్నా ఎక్కువ మలినం అదే చేస్తుంది. విసుగెత్తి దాన్ని మూసీలోనో సాగర్ కాలువలోనో ఊరి చెరువులోనో వదిలేవారున్నారు. ఒళ్లంతా గట్టి పెంకులు, ముళ్లు ఉన్న ఈ దక్షిణ అమెరికా చేప రెండు తెలుగు రాష్ట్రాల నీళ్లలోనూ పాతుకుపోయి, వలలు చింపి, రవ్వ, బొచ్చెల తిండిని కాజేస్తున్నది. మత్స్యకారులు దీన్ని దెయ్యం చేప అంటున్నారు. తొట్టెకు పెద్దదైతే అమ్మిన దుకాణానికే తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టె ఉన్నవారికి ఇవ్వండి. చెరువులో మాత్రం వదలకండి.