గుండెను పరుగెత్తించి చూసే పరీక్ష

హన్మకొండలో పద్మాక్షి గుట్ట మెట్లెక్కుతుంటే సగం దూరంలో ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. రెండు నిమిషాలు నిలబడితే తగ్గిపోతుంది. మర్నాడు ఆస్పత్రికి వెళ్లి ఈసీజీ తీయిస్తే నార్మల్ అంటారు. ఎకో కూడా బాగానే ఉంటుంది. గ్యాస్ అయి ఉంటుందని ఓ మాత్ర వేసుకుని ఊరుకుంటారు. వరంగల్ ఇళ్లలో ఈ మాట కొత్తదేం కాదు.

ఆ ఈసీజీ తప్పు చెప్పలేదు. మంచం మీద కదలకుండా పడుకున్న మనిషి గుండె ఎలా ఉందని అడిగారు, దానికే జవాబిచ్చింది. నొప్పి వచ్చింది మాత్రం మెట్ల మీద. గుండె కష్టపడుతున్నప్పుడు దాని కండరానికి నెత్తురు సరిపడా అందుతోందా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు వెతికేదే న్యూక్లియర్ స్ట్రెస్ టెస్ట్. మన దగ్గర చాలామంది దీన్ని థాలియం టెస్ట్ అంటారు.

విశ్రాంతిలో ఉన్నప్పుడు కనిపించని లోటు శ్రమలో ఎందుకు బయటపడుతుంది? గుండె కండరానికి నెత్తురు తెచ్చే కరోనరీ ధమనులకు గొప్ప వెసులుబాటు ఉంది. అవసరమైతే అవి మామూలుకన్నా మూడు నాలుగు రెట్లు ఎక్కువ నెత్తురు పంపగలవు. ధమని ఒకచోట కొవ్వు పేరుకుని సన్నబడితే, దాని కింది చిన్న నాళాలు ముందుగానే వెడల్పయి ఆ లోటును పూడుస్తాయి. అమెరికన్ వైద్యుడు లాన్స్ గూల్డ్ 1970లలో కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో ఈ లెక్క తేలింది. ధమని వ్యాసం దాదాపు 85 శాతం మూసుకుపోయేదాకా విశ్రాంతిలో ప్రవాహం తగ్గదు. గరిష్ఠ ప్రవాహం మాత్రం సగం మూసుకుపోయేసరికే పడిపోవడం మొదలవుతుంది. పాకాల చెరువు ఆయకట్టు రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. సగం పూడిన పంటకాలువతో మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ కనిపించదు. అందరికీ ఒకేసారి నాట్లు పడి, తూము పూర్తిగా ఎత్తిన రోజున పక్క కాలువ కింద నీళ్లు పొర్లుతుంటే, ఈ కాలువ కింది మడి తడవదు.

కాబట్టి గుండెను ముందు కష్టపెట్టాలి. సియాటిల్ వైద్యుడు రాబర్ట్ బ్రూస్ 1963లో స్థిరపరిచిన పద్ధతినే ఇప్పటికీ మన ట్రెడ్‌మిల్ పరీక్ష (టీఎంటీ) గదుల్లో వాడుతున్నారు. ట్రెడ్‌మిల్ గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో, పది శాతం ఏటవాలుతో మొదలవుతుంది. మూడు నిమిషాలకోసారి వేగం, ఎత్తు పెరుగుతాయి. 220 నుంచి వయసు తీసేస్తే వచ్చే సంఖ్యలో 85 శాతానికి గుండె వేగం చేరాలి. 55 ఏళ్ల మనిషికి అది నిమిషానికి 140. ఒట్టి టీఎంటీలో చూసేది ఈసీజీ గీతల్లో మార్పునే. చవకైనది, చాలామందికి మొదటి మెట్టుగా పనికొస్తుంది. కానీ జబ్బున్నవాళ్లలో దాదాపు మూడో వంతు మందిని అది పట్టుకోలేకపోతుంది. ఆడవాళ్లలో లేని జబ్బును ఉన్నట్టు చూపడమూ ఎక్కువే. పైగా లోటు గుండెలో ఏ భాగంలో ఉందో, ఎంత మేర ఉందో గీతలు చెప్పలేవు.

న్యూక్లియర్ పరీక్షలో అదనంగా ఒక ఇంజెక్షన్ ఉంటుంది. రోగి శ్రమ పతాక స్థాయికి చేరినప్పుడు చేతి నరంలోకి చిటికెడు రేడియోధార్మిక పదార్థం ఎక్కిస్తారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది టెక్నీషియం-99ఎం కలిపిన సెస్టామిబి. నెత్తురుతో పాటు అది గుండె కండరంలోకి చేరి, బతికున్న కణాల మైటోకాండ్రియాలో చిక్కుకుంటుంది. నెత్తురు బాగా అందిన చోట ఎక్కువ, అందని చోట తక్కువ. ఒకసారి చిక్కుకుంటే కొన్ని గంటలదాకా పెద్దగా కదలదు. అందుకే మనిషి ట్రెడ్‌మిల్ దిగి, చెమట ఆరి, తాపీగా బల్ల మీద పడుకున్నాక తీసిన చిత్రంలో కూడా పరుగెత్తిన ఆ నిమిషం నాటి రక్తప్రసరణే కనిపిస్తుంది. ఈ పరీక్ష మొత్తంలో నాకు అన్నిటికన్నా అద్భుతంగా తోచేది ఇదే. గామా కెమెరా ఛాతీ చుట్టూ తిరుగుతూ చిత్రాలు తీస్తుంది. వాటిని కంప్యూటర్ గుండె ముక్కలుగా పేర్చి చూపుతుంది. విశ్రాంతిలో మరో ఇంజెక్షన్ ఇచ్చి ఇంకో వరస చిత్రాలు తీసి, రెండింటినీ పక్కపక్కన పెడతారు. అంతా కలిపి మూడు నాలుగు గంటలు, కొన్నిచోట్ల రెండు రోజులు.

టెక్నీషియం భూమి మీద మనకు దొరికే ఖనిజం కాదు. 1937లో ఇటలీలోని పలెర్మోలో కార్లో పెరియే, ఎమీలియో సెగ్రే దాన్ని కనుక్కున్నారు. అమెరికాలోని బర్క్‌లీ సైక్లోట్రాన్ యంత్రంలో కొన్ని నెలలు కణాల తాడనం తిన్న మాలిబ్డినం రేకులో అది దొరికింది. మనిషి కృత్రిమంగా తయారుచేసిన మొదటి మూలకం అదే. దాని 99ఎం రూపం అర్ధాయువు ఆరు గంటలు. రోగికి అది వరం. రోజు గడిచేసరికి పదహారో వంతే మిగులుతుంది, అందులోనూ కొంత మూత్రంలో, మలంలో పోతుంది. ఆస్పత్రికి మాత్రం అదే చిక్కు. హైదరాబాద్‌లో నింపిన సీసా మూడు గంటలు రోడ్డు మీద ప్రయాణించి వరంగల్ చేరేసరికి దాదాపు 30 శాతం శక్తి కరిగిపోతుంది.

ఈ చిక్కు విప్పింది న్యూయార్క్ దగ్గరి బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల. 1950ల చివర్లో అక్కడివాళ్లు జనరేటర్ అనే చిన్న సీసపు పెట్టె తయారుచేశారు. అందులో ఉండేది మాలిబ్డినం-99, అర్ధాయువు 66 గంటలు. అది క్షీణిస్తూ నిరంతరం టెక్నీషియాన్ని పుట్టిస్తుంటుంది. పొద్దున్నే ఉప్పునీటి ద్రావణం పోస్తే ఆ రోజుకు కావలసిన మందు బయటికొస్తుంది. పెట్టె దాదాపు వారం పనిచేస్తుంది. అంటే ఊళ్లో అణు రియాక్టర్ అక్కర్లేదు. వారానికో పెట్టె, గామా కెమెరా, శిక్షణ పొందిన మనుషులు, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉంటే చాలు. మన దేశంలో ఇలాంటి జనరేటర్లు, కిట్లు సరఫరా చేసే ప్రభుత్వ సంస్థ నవీ ముంబయిలోని బోర్డ్ ఆఫ్ రేడియేషన్ అండ్ ఐసోటోప్ టెక్నాలజీ. కాకతీయ మెడికల్ కాలేజీ 1959 నుంచి నడుస్తున్న ఊరు మనది. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో ఉన్నలాంటి న్యూక్లియర్ మెడిసిన్ విభాగం కోసం ఉత్తర తెలంగాణ రోగి 150 కిలోమీటర్లు రైలెక్కి పోవాల్సిన పనిలేకుండా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. భౌతికశాస్త్రం దానికి అడ్డుపడటం లేదు.

మోకాళ్ల నొప్పులతో నాలుగడుగులు వేయలేని పెద్దవాళ్ల సంగతేమిటి? వాళ్లకు ట్రెడ్‌మిల్ బదులు మందుతో గుండె నాళాలను వెడల్పు చేస్తారు. ఆ మందుల్లో ముఖ్యమైనది అడెనోసిన్. దీని వెనక మన తెలుగువాడి ఛాయ ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఏటీపీ (అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్) అణువును వెలికితీశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా దాన్ని కనుక్కున్నాడు. కండరం ఖర్చుచేసే శక్తి అంతా ఆ ఏటీపీదే. ప్రాణవాయువు చాలనప్పుడు గుండె కణంలో ఏటీపీ విరిగి అడెనోసిన్ మిగులుతుంది. అది బయటికొచ్చి దగ్గరి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. కణం తన కొరతను తానే మొరపెట్టుకునే తీరు ఇది. అడెనోసిన్‌కు గుండె మీద ప్రభావం ఉందని కేంబ్రిడ్జ్‌లో డ్రూరీ, సెంట్-జార్జి ప్రకటించింది కూడా 1929లోనే. సెస్టామిబి వెళ్లి చిక్కుకునే మైటోకాండ్రియా కూడా ఏటీపీ తయారయ్యే చోటే. సుబ్బారావు పేరు ఈ పరీక్ష గదిలో ఎక్కడా కనబడదు. అయినా ఆయన పట్టుకున్న అణువు లేకుండా అక్కడ జరిగేదేదీ అర్థం కాదు.

పరీక్షకు ముందు టీ, కాఫీ మానాలని చెప్పేదీ ఈ అడెనోసిన్ వల్లే. కెఫీన్ అడెనోసిన్ కూర్చోవాల్సిన చోటును ముందే ఆక్రమిస్తుంది. అప్పుడు మందు ఎక్కించినా నాళాలు సరిగా వెడల్పు కావు. లోటు ఉన్నా చిత్రంలో కనిపించకపోవచ్చు. పొద్దున్నే స్టేషన్లో రైలెక్కే ముందు తాగిన ఒక్క కప్పు చాయ్ పరీక్షను పాడుచేయగలదు. కనీసం పన్నెండు గంటలు, కొన్ని కేంద్రాల్లో 24 గంటలు చాయ్, కాఫీ, కోలా, చాక్లెట్ ఏవీ వద్దు. ఆస్తమా ఉన్నవాళ్లు ముందే చెప్పాలి, వాళ్లకు అడెనోసిన్ ఊపిరి బిగపట్టించవచ్చు. వాళ్లకు డోబుటమిన్ అనే మందుతో గుండెను వేగంగా కొట్టించి చూస్తారు. అడెనోసిన్ ఎక్కుతున్నప్పుడు ముఖం వేడెక్కడం, ఛాతీ బిగుసుకోవడం మామూలే. శరీరంలో దాని అర్ధాయువు పది సెకన్లు కూడా ఉండదు గనక ఆపగానే తగ్గిపోతాయి. బీపీ మాత్రలు, బీటా బ్లాకర్లు ఆపాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు.

ఇక చిత్రాలు. శ్రమలో మసకగా ఉన్న చోటు విశ్రాంతిలో నిండుగా కనిపిస్తే, కండరం బతికే ఉంది, కష్టకాలంలో నెత్తురు చాలడం లేదని అర్థం. రెండింటిలోనూ ఖాళీగా ఉంటే అక్కడ పాత గుండెపోటు మచ్చ ఉండొచ్చు. ఆకలితో పని మానేసి పడి ఉన్న సజీవ కండరం కూడా కొన్నిసార్లు అలాగే కనిపిస్తుంది. గుండె ఎంత బలంగా పంపు చేస్తోందో కూడా ఈ చిత్రాలతోనే లెక్కగడతారు. రెండు వరసలూ నిండుగా ఉంటే రాబోయే ఏడాదిలో గుండెపోటు ప్రమాదం సాధారణంగా ఒక శాతం లోపే.

అయితే ఒక మెలిక ఉంది. ఈ చిత్రం ఒక భాగాన్ని ఇంకో భాగంతో పోల్చి చూపుతుంది. మూడు ధమనులూ సమానంగా మూసుకుపోతే అన్ని వైపులా ఒకే తరుగు ఉండి, చూడటానికి బాగున్నట్టే ఉండొచ్చు. ఆడవాళ్లలో రొమ్ముల వల్ల, మగవాళ్లలో డయాఫ్రం వల్ల లేని లోటు ఉన్నట్టు నీడ పడొచ్చు. అనుభవం ఉన్న కన్నుతో చదివించుకోవాల్సిన పరీక్ష ఇది.

లోటు తేలితే వెంటనే స్టెంట్ వేయించుకోవాలా? మన దేశం సహా 37 దేశాల్లో 5,179 మంది రోగులతో జరిగిన ఇస్కీమియా అధ్యయనం ఫలితాలు 2020లో ప్రచురితమయ్యాయి. స్ట్రెస్ పరీక్షల్లో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన లోటు తేలిన, స్థిరంగా ఉన్న రోగులు వాళ్లు. మంచి మందులతో పాటు మొదటే స్టెంటో బైపాసో చేయించుకున్నవాళ్లకూ, మందులతో మొదలుపెట్టినవాళ్లకూ మరణాల్లో, గుండెపోటుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నొప్పి తరచుగా వచ్చేవాళ్లకు మాత్రం స్టెంట్, బైపాస్ వల్ల ఉపశమనం ఎక్కువగా దక్కింది. ఎడమ ప్రధాన ధమని మూసుకుపోయినవాళ్లను ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. కాబట్టి రిపోర్టు చేతికి రాగానే భయంతో ఆపరేషన్ బల్ల ఎక్కనక్కర్లేదు. తీరికగా అడిగి తెలుసుకునే సమయం చాలామందికి ఉంటుంది.

రేడియేషన్ భయం సహజం. రెండు ఇంజెక్షన్ల టెక్నీషియం పరీక్షలో అందేది సుమారు 10 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి అందేది 2.4. అంటే నాలుగేళ్ల వాటా ఒక్కరోజులో. లక్షణాలతో బాధపడే యాభై ఏళ్ల మనిషికి ఆ మూల్యం చెల్లించొచ్చు. ఏ నొప్పీ, ఏ ఆయాసం లేకుండా పుట్టినరోజు ప్యాకేజీలో భాగంగా చేయించుకునేవాళ్లకు అది అనవసరం. గర్భిణులకు చేయరు. పాలిచ్చే తల్లులు ముందే చెప్పాలి. ఇందులో అయోడిన్ డై ఉండదు గనక, మధుమేహంతో కిడ్నీలు దెబ్బతిని యాంజియోగ్రాం డై అంటే జంకేవాళ్లకు ఇది మంచి దారి.

గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో మరణాలను లెక్కించిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనంలో, దాదాపు మూడింట ఒకటి గుండె, రక్తనాళాల జబ్బులవల్లేనని తేలింది. ఇది పట్నం జబ్బన్న నమ్మకానికి అప్పుడే కాలం చెల్లింది. నడిస్తే వచ్చి ఆగితే పోయే ఛాతీ బరువును, కొత్తగా మొదలైన ఆయాసాన్ని గ్యాస్ అని దాటేయకండి. షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి అసలు తెలియకపోవచ్చు, వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. డాక్టరు ఈ పరీక్ష రాస్తే, ఏ ప్రశ్నకు జవాబు కోసమో, ఫలితాన్ని బట్టి ఏం మారుతుందో అడగండి.

కూర్చున్నా పడుకున్నా తగ్గని నొప్పి, చెమటలతో, ఎడమ చేతికో దవడకో పాకుతుంటే మాత్రం ఈ పరీక్షకు అపాయింట్‌మెంట్ వెతకొద్దు. అది గుండెపోటు కావచ్చు. అదే నిమిషంలో 108కి ఫోన్ చేయండి.