కావలివాడగు మాంసకృత్తు

భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. ఆ ఉక్కునగరమునకు తెలుగువారెందరో పనికై పోయి, అచ్చటనే కాపురములేర్పరచుకొనిరి. ఫర్నేసునకు కోక్ కావలెను. బొగ్గును గాలి చొరకుండ మూసిన బట్టీలలో వేయి డిగ్రీల వేడిమికి కాల్చినగాని కోక్ కాదు. అప్పుడు తలుపుల సందులనుండియు పైమూతలనుండియు వెలువడు పొగలో తారు ఆవిరులుండును. వానిలో నొకటి బెంజోపైరీన్.

మన జీవకణములలో పి-53 అను మాంసకృత్తు గలదు. దీనిని 1979లో కనుగొనిరి. మొదట దీనినే కాన్సరు కారకమని తలచిరి. అది దొంగ కాదు, కావలివాడని తేలుటకు పదేండ్లు పట్టినది! కణములోని జన్యుపదార్థము దెబ్బతిన్నచో పి-53 ఆ కణము విభజన చెందకుండ ఆపి, మరమ్మతునకు వ్యవధి కల్పించును. మరమ్మతు సాధ్యము కానిచో కణము తనంతట తాను నశించునట్లు చేయును.

బెంజోపైరీన్‌ను విసర్జింపవలెనని దేహము చేయు ప్రయత్నములోనే అది మార్పుచెంది జన్యుపదార్థమున కంటుకొనును. ఊపిరితిత్తుల కాన్సరులో పి-53 జన్యువు తరచు చెడిపోయియుండు తావులేవో, సరిగా ఆ తావులనే ఇది పట్టుకొనునని 1996లో తెలిసినది. కావలి తప్పిన కణము అదుపులేక పెరిగి కంతియగును. చెడిన పి-53 కొన్నియెడల ఊరకుండక, కణములు పొరుగు కణములను వీడి రక్తములో చేరుటకును తోడ్పడును. వ్యాధి మెదడునకు, ఎముకలకు ప్రాకుట ఇట్లే.

కోక్ బట్టీల పైకప్పుమీద పనిచేసినవారికి ఊపిరితిత్తుల కాన్సరు ముప్పు మిక్కిలి హెచ్చని 1971లో అమెరికా ఉక్కు కార్మికులపై జరిగిన పరిశోధన చూపినది. ముఖమునకు చుట్టుకొను తువాలు ధూళిని కొంత ఆపునేమో గాని తారు ఆవిరిని ఆపజాలదు. అందులకు తగిన మాస్కు ధరింపవలెను. పని ముగియగానే స్నానము చేసి, బట్టలు మార్చుకొనియే ఇంటికి పోవలెను. మాస్కు తీసి బీడీ ముట్టించువానిని చూచి ఏమనవలెను? బీడీ పొగలోను ఆ బెంజోపైరీనే యున్నది. ఛత్తీస్‌గఢ్‌లో ఆడువారు సైతము పండ్లకు రుద్దుకొను గుడాకు పొగాకుతో చేసినదే. దానివలన నోటికి హాని.

మూడు వారములు దాటిన దగ్గు, కఫములో రక్తము, నోటిలో మానని పుండు కనబడినచో వైద్యుని చూడవలెను. ఈ వ్యాధి ఇరువది, ముప్పది యేండ్లకు గూడ బయటపడవచ్చును. అప్పటికి కార్మికుడు పదవీవిరమణ చేసి స్వగ్రామము చేరియుండును. తాను కోక్ బట్టీలవద్ద ఎన్నేండ్లు పనిచేసెనో అచ్చటి వైద్యునికి రోగి చెప్పిననే తెలియును.