నాజిల్ చిన్నదే, నష్టం పెద్దది

మందు మంచిదే తెచ్చారు. మోతాదూ సరిగ్గానే కలిపారు. అయినా పురుగు చావలేదు. కల్తీ మందు అంటగట్టాడని దుకాణదారుతో తగువుకు దిగే ముందు, ఒక్కసారి మీ పంపు చివరనున్న నాజిల్ విప్పి చూడండి.

ఏ మందుకు ఏది?

పురుగు మందులకు, తెగుళ్ల మందులకు హాలోకోన్ నాజిల్ బిగించాలి. మందు గుండ్రంగా, సన్నని తుంపరగా పడుతుంది. ఆకుల అడుగు భాగం, కొమ్మల సందులు తడుస్తాయి. తెల్లదోమ, పచ్చదోమ దాగేది అక్కడే కదా!

కలుపు మందులకు ఫ్లాట్‌ఫ్యాన్ లేదా ఫ్లడ్‌జెట్ నాజిల్ వాడాలి. మందు విసనకర్రలా విచ్చుకొని నేల మీద పట్టీలా పడుతుంది. నాజిల్‌ను ఒకే ఎత్తులో పట్టుకొని, అటూ ఇటూ ఊపకుండా తిన్నగా నడవాలి.

హాలోకోన్‌తో కలుపు మందు కొడితే సన్న తుంపర గాలికి పక్క చేలోకి పోతుంది. మొక్కజొన్నలో కొట్టిన 2,4-డి పక్కనున్న పత్తి మీద పడితే ఆకులు ముడుచుకుపోయి పైరు దెబ్బతింటుంది. ఇరుగు రైతుతో గొడవ సరేసరి.

అరిగిందేమో చూసుకోండి

కొత్త నాజిల్ బిగించిన రోజే ఒక్క నిమిషం పాటు మంచినీళ్లు బక్కెట్లోకి కొట్టి, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చాయో కొలిచి రాసిపెట్టుకోండి. తర్వాత అప్పుడప్పుడు అదే తీరున కొలవండి. పదో వంతుకు మించి ఎక్కువ వస్తుంటే నాజిల్ అరిగినట్లే. మార్చేయాలి.

ఉదాహరణకు 600 మి.లీ. రావలసినచోట 750 వస్తోందనుకోండి. ఎకరాకు 200 లీటర్ల నీళ్లతో అయ్యే పని 250 లీటర్లు తాగుతుంది. లీటరుకు 2 మి.లీ. చొప్పున కలిపే మందు 400 బదులు 500 మి.లీ. అవుతుంది. ప్రతి పిచికారీకీ ఇదే దండగ.

ఇత్తడి వాటికన్నా స్టీలు, సిరామిక్ నాజిళ్లు ఎక్కువ కాలం మన్నుతాయి. ఇసుక నీళ్లు, పొడి మందులు నాజిల్‌ను తొందరగా అరగదీస్తాయి. నీళ్లు వడగట్టి పోయండి.

మూసుకుపోతే...

నోటితో ఊదవద్దు. అది విషం. పిన్నీసు, తీగ పెట్టి పొడవవద్దు. రంధ్రం పెద్దదై తుంపర చెడిపోతుంది. చేతులకు తొడుగులు వేసుకొని, నాజిల్‌ను నీళ్లలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. లోపలి జల్లెడ, వాషరు కూడా కడగండి.

పని కాగానే ట్యాంకును మూడుసార్లు కడిగి, నాజిల్ గుండా మంచినీళ్లు కొట్టాలి. ఆ నీళ్లు బావిలో, కాలువలో కలవకూడదు. కలుపు మందుకు వేరే పంపు ఉంచుకోవడం మేలు. ఇంట్లో రెండు పంపులు లేనివారు ఇరుగు పొరుగు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు.

ఈసారి మందుల దుకాణానికి వెళ్లినప్పుడు ఒక నాజిల్ అదనంగా తెచ్చిపెట్టుకోండి. చేలో మూసుకుపోయినా దాన్ని నోటిదాకా తీసుకెళ్లే అవసరం రాదు.