సర్వర్ భారాన్ని పట్టి చూపే మూడు అంకెలు

ఆదోని, ఎమ్మిగనూరు: మార్కెట్ యార్డులో టెండర్ల వేళ 'సర్వర్ స్లో' అన్న మాట వినిపిస్తే రైతు గుండెల్లో రాయి పడినట్లే. ఆదోని, ఎమ్మిగనూరు యార్డులు రెండూ ఈ-నామ్ పరిధిలోనివే. 2016 ఏప్రిల్ 14న కేంద్రం ప్రారంభించిన ఈ విధానంలో వ్యాపారులు ఆన్‌లైన్‌లో ధర కోట్ చేశాకే లాటు ఖరారవుతుంది. కంప్యూటర్ మొరాయిస్తే ధర తేలదు, సరకు కదలదు. ఈ జాప్యానికి అధిక భారమే కారణమా, మరొకటా అన్నది తేల్చుకోవడానికి ఉపకరించే కొలమానమే 'లోడ్ యావరేజ్'.

కాటా వద్ద వరుస

కాటాపై ఉన్న బండ్లు, వెనుక వరుసలో నిలిచినవి కలిపి లెక్కిస్తే అక్కడి ఒత్తిడి తెలుస్తుంది. కంప్యూటర్‌లో కాటా వంటిదే ప్రాసెసర్ కోర్. నడుస్తున్న పనులు, వంతు కోసం వేచి ఉన్న పనుల సగటు సంఖ్యే లోడ్ యావరేజ్. లైనక్స్‌లో డిస్కు కోసం ఆగిన పనులనూ ఇందులో కలుపుతారు.

చదవడం ఇలా

లైనక్స్ సర్వర్‌లో 'అప్‌టైమ్' అనే ఆదేశం ఇస్తే గత 1, 5, 15 నిమిషాల సగటులు వరుసగా కనిపిస్తాయి. 4 కోర్లు ఉన్న సర్వర్‌లో 4 అంటే సామర్థ్యం మేరకు పని ఉన్నట్లు. 8 అంటే నడుస్తున్నన్ని పనులే బయట వేచి ఉన్నట్లు. అంకెలు 9, 5, 2గా ఉంటే భారం పెరుగుతోంది. 2, 5, 9గా ఉంటే తగ్గుముఖం పట్టింది. కోర్ల సంఖ్య తెలియకుండా అంకెను మాత్రమే చూసి కంగారు పడరాదు.

ఏం చేయాలి?

* 15 నిమిషాల సగటు తరచూ కోర్ల సంఖ్యను మించుతుంటే బ్యాకప్, నివేదికల తయారీ వంటి పనులను టెండర్ వేళ తరువాతకు మార్చాలి.
* సగటు ఎక్కువగా ఉన్నా ప్రాసెసర్ ఖాళీగా కనిపిస్తే డిస్కును పరిశీలించాలి.
* సగటు తక్కువగా ఉండీ పేజీ తెరుచుకోకపోతే లోపం ఇంటర్నెట్ లైనులోనో, దూరాన ఉన్న ప్రధాన సర్వర్‌లోనో ఉండవచ్చు. అప్పుడు ఇక్కడి యంత్రాన్ని ఆపి, మళ్లీ ఆన్ చేసినా ఫలితం ఉండదు.
* విండోస్ కంప్యూటర్లలో టాస్క్ మేనేజర్ తెరిచి ప్రాసెసర్, మెమరీ, డిస్కు వినియోగ శాతాలను చూడాలి.

టెండర్‌కు ముందు, టెండర్ సమయంలో ఈ అంకెలను రోజూ నమోదు చేస్తే లోపం ఎక్కడున్నదో సాక్ష్యంతో సహా అధికారుల దృష్టికి తీసుకువెళ్లవచ్చు. రైతుకు యార్డులో పడిగాపులు తప్పించే మార్గం అక్కడే మొదలవుతుంది.