నాళముల బిగువు సడలించు మాత్ర

1880 దశకారంభమున లండను నగరమందు సిడ్నీ రింగర్ అను వైద్యుడు, కప్పగుండెను దేహమునుండి వేరుచేసి, లవణద్రావణమున నుంచి, అది యెంతసేపు స్పందించునో పరీక్షించుచుండెను. ద్రావణమును కుళాయినీటితో కలిపినప్పుడు చక్కగా కొట్టుకొన్న గుండె, స్వేదనజలముతో కలుపగానే క్షీణించి యాగిపోయెను. కుళాయినీటిలోని కాల్షియము లేనిదే హృదయకండరము ముడుచుకొనజాలదని 1883లో ఆయన ప్రకటించెను.

ధమనుల గోడలలోని కండరములకును ఆ కాల్షియమే ప్రేరకము. అది కణములలోనికి చొచ్చినకొలది కండరము బిగియును. నాళము ఇఱుకై రక్తపుపోటు హెచ్చును. కొన్ని మందులు ఈ ప్రవేశమును అడ్డగించునని 1960 దశకమున జర్మను శాస్త్రజ్ఞుడు ఆల్బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్ నిరూపించెను. ఆ కోవలో తరువాత వచ్చినదే నేడు ఇంటింట బీపీ బిళ్లగా పరిచితమైన ఆమ్లోడిపిన్.

ఇది కణద్వారములను కొంతమేర మూసి నాళములను సడలించును. పాలు, పెరుగు మానవలెనా యని యడుగువారు కలరు. ఆహారములోని కాల్షియముతో దీనికి పేచీ లేదు. దేహమున చేరిన మందులో సగము తొలగుటకే 30 మొదలు 50 గంటలు పట్టును గనుక, 2.5, 5, 10 మిల్లీగ్రాముల బిళ్లలలో వైద్యుడు నిర్ణయించినది దినమున కొకటి చాలును. నాళములు విప్పారుటచే గుండెకు శ్రమ తగ్గి, మెట్లెక్కునప్పుడు ఎదలో పట్టినట్లుండు నొప్పియు తఱచు రాకుండును. అయితే ఇది నిదానముగా పనిచేయు మందు. నొప్పి హఠాత్తుగా వచ్చినప్పుడు దీనిని నమ్ముకొని కూర్చుండరాదు. వైద్యుడు ముందే యిచ్చియుంచిన నాలుకక్రింది బిళ్లను వాడి, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

సాయంకాలమునకు చెప్పుపట్టీ పాదముపై గీతవడుట, చీలమండకడ వ్రేలితో నొక్కినచోట గుంట నిలుచుట ఈ మందుతో కొందఱికి కలుగును. సన్నని ధమనులు విప్పారినంతగా సిరలు విప్పారవు; నడుమనున్న సూక్ష్మనాళములలో ఒత్తిడి పెరిగి నీరు వెలికి ఊరును. అందుచేతనే నీటిమాత్రలు ఈ వాపునకు అంతగా పనిచేయవు. మోతాదు తగ్గించుటయో, టెల్మిసార్టన్ వంటి మఱియొక మందు జతచేయుటయో వైద్యుడు ఆలోచించును. వాపునకు ఇతర కారణములు నుండవచ్చును గావున ఆయనకు చూపుట అవశ్యము.

పోటు అదుపులోనికి వచ్చినది గదా యని తమంత తామే బిళ్ల మానువారు, ఆ యదుపు బిళ్లవలన వచ్చినదేయని మఱచుచున్నారు. మందు దేహమును వీడిన కొలదిదినములకే నాళములు మరల బిగిసి, తలనొప్పియైనను లేకుండ, పోటు మునుపటి యెత్తునకు చేరవచ్చును.